బదులు మనుషులు

మంచాన పడ్డ మనిషికి స్నానం చేయించడంలో త్రివేణిని మించినవాళ్లు సిరొంచలో లేరు. ఈ మాట త్రివేణి చెప్పుకున్నది కాదు, చేయించుకున్నవాళ్లు చెప్పిందే. పొద్దున తొమ్మిదింటికి తన ఊరి నుంచి స్కూటీ మీద వచ్చి తాలూకా ఆఫీసు గుమాస్తాగారి భార్య దగ్గరికి వెళుతుంది. కీళ్లన్నీ బిగుసుకుపోయి, జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవని పెద్దావిడ ఆమె. ఆ తర్వాత సింధూజ దగ్గరికి. పుట్టినప్పటి నుంచీ కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినని పంతొమ్మిదేళ్ల పిల్ల, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. ఆ ఇద్దరినీ లేపి, కడిగి, తుడిచి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి, నవ్వించి మరీ బయటపడుతుంది త్రివేణి.

అలాంటి మనిషికి సొంత ఇంట్లో, ముందు గదిలో మంచం మీదున్న ఒకరిని చిటికెన వేలితో ముట్టుకునే హక్కు లేదు. ఆయన ఆమె బావ వెంకటేశ్వర్, పెనిమిటికి సొంత అన్న. తమ్ముడి పెళ్లాం బావ ఎదుట పడకూడదు, ఆయన పేరెత్తకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఇక ముట్టుకోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే ఊళ్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పాటించడం మాత్రం అందరికీ వచ్చు.

పెళ్లయి పదకొండేళ్లైనా త్రివేణి ఆయనతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. కూతురు అంజలి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పిల్లే ఇద్దరికీ రాయబారి. 'పెద్దనాయనకు అన్నం పెట్టిన్నని చెప్పు', 'మీ అమ్మకు ఉప్పు తక్కువైందని చెప్పు'. అలా జరిగిపోయేది. అంజలి అల్లపల్లిలో హాస్టల్‌కు పోయాక రాయబారి లేకుండా పోయింది. అప్పటి నుంచి ఆ ఉద్యోగం అరుగు మీద కట్టేసిన నల్లమేకకు వచ్చింది. త్రివేణి గడప ఇవతల నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, లోపలికి చెయ్యి చాచి, మంచానికి అందేలా గడపను ఆనుకుని వేసిన స్టూల్ మీద గిన్నె పెట్టి, "మేకా, అన్నం స్టూల్ మీద పెట్టిన" అంటుంది. లోపలి నుంచి, "మేకా, ఈ పూట ఆకలి లేదు" అని వస్తుంది. మేకకు ఈ గొడవతో సంబంధం లేదు. దానికి ఆకులుంటే చాలు.

నాలుగేళ్ల కింద, పొలం దమ్ము చేస్తుంటే ఒడ్డు జారి ట్రాక్టర్ తిరగబడింది. డ్రైవర్ సీట్లో ఉన్న వెంకటేశ్వర్‌కు నడుం కింద స్పర్శ పోయింది. పెళ్లాం అంతకు ముందే జ్వరంతో పోయింది, పిల్లలు లేరు. తమ్ముడు రాకేష్ బొగ్గు లారీ మీద డ్రైవరు, నెలకు రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఒకసారి అన్నను తనే ఎత్తుతానని ఎగబడి, మంచానికీ గోడకూ మధ్య ఇరికించి, ముగ్గురు వచ్చి బయటికి తీయాల్సి వచ్చింది. ఇక మిగిలింది అరవై ఆరేళ్ల తల్లి, నర్సక్క. కడగడం, గుడ్డలు మార్చడం, పక్కకు తిప్పడం అన్నీ ఆమే.

నిజం చెప్పాలంటే త్రివేణి ఈ పనిలోకి దిగింది ఆ ముసలి నడుమును చూసే. మంచాన ఉన్నవాళ్లను చూసుకునే పని నేర్పుతారని పంచాయతీ గోడకు కాగితం అంటిస్తే, మూడు నెలలు అల్లపల్లిలో ఉండి నేర్చుకుని వచ్చింది. నేర్పిన శీతల్ మేడం మరాఠీ మనిషి. మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు, ఒక్క మాట చెప్పింది. 'అడగకుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యొద్దు. మంచాన పడ్డా ఒళ్లు వాళ్లదే.' మిగతా మూడు నెలలూ ఆ మాటకే వివరాలు చెప్పినట్టు అనిపించింది త్రివేణికి. నీళ్ల వేడి వేళ్లతో కాదు, మోచేత్తో చూడాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నాలుగు మడతల దుప్పటి నడుం కింద వేసి జరపాలి గానీ చంకల కింద చేతులు పెట్టి గుంజకూడదు.

అవన్నీ అత్తకు చెప్పబోతే నర్సక్క చెయ్యి విదిలించింది. "నలుగుర్ని కని ఇద్దర్ని బతికిచ్చుకున్న. నాకు పోరలకు తానం పోసుడు నేర్పుతవా?"

పోరడి వయసు నలభై రెండని ఆమెకు ఎవరు చెప్పాలి?

నర్సక్కకు కళ్లలో మోతిబిందు, అదే శుక్లం, వచ్చి రెండేళ్లైంది. కుడి కన్ను ముందే మసక, ఈ ఏడు ఎడమదీ కమ్మింది. కూరలో పసుపనుకుని సున్నం వేయబోతే త్రివేణి చెయ్యి పట్టుకుని ఆపింది. అదీ నవ్వుకుని వదిలేశారు. కానీ సంక్రాంతి దాటిన వారం జరిగింది నవ్వేది కాదు. పొయ్యి మీద కాగిన నీళ్లు తెచ్చి, వేలు ముంచి చూసుకుని, కొడుకు కాళ్ల మీద పోసింది నర్సక్క. లేస్తున్న ఆవిరి ఆమెకు కనబడలేదు. పొయ్యి దగ్గర కాలి కాలి గట్టిపడ్డ వేళ్లకు వేడి తెలియలేదు. కొడుకు కాళ్లకు ఎలాగూ తెలియదు. సాయంత్రం అన్నం పెట్టడానికి వచ్చిన త్రివేణి, గడప దగ్గర నుంచే చూసింది. కుడి మడమ మీద నిమ్మకాయంత బొబ్బ.

మందు ఆమె దగ్గర ఉంది, పట్టీ ఉంది, కట్టడం వచ్చిన చేతులు ఉన్నాయి. అయినా గడప దాటలేదు. పరదా ఇవతల నిలబడి, కళ్లు కనబడని అత్తకు దారి చెప్పింది. "అది కాదత్తా, కుడి కాలు. జర కిందికి. ఒత్తకు, ఒత్తకు! మందు దూది మీద పెట్టు." నర్సక్క తడుముకుంటూ దూది పెట్టింది. మంచం మీది మనిషి గోడ వైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. ఆ పట్టీ కట్టడం అయ్యేసరికి త్రివేణి ఒళ్లంతా చెమట. పనొచ్చి కూడా చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది ఆమెకు.

ఆ సోమవారమే కబురొచ్చింది. సిరొంచలో కంటి శిబిరం వాళ్లు పరీక్ష చేసినవాళ్లను గురువారం పొద్దున బస్సులో గడ్చిరోలి తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తారట. నర్సక్క పేరు జాబితాలో ఉంది. అప్పటికి రెండుసార్లు పేరు రావడం, ఆమె పోకపోవడం అయింది. ఈసారి డాక్టరు కాగితం మీద గీత గీసి మరీ చెప్పాడు. ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా చూపు దక్కుతుందన్న భరోసా లేదని. ఆపరేషన్ తర్వాత నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు.

"నేను పోను," అంది నర్సక్క. "నెల దినాలు నా కొడుకును ఎవ్వలు చూస్తరు?"

రాకేష్ ఎక్కడో రామగుండం దగ్గర లారీ ఆపి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి అందరూ అరుగు మీద కూర్చున్నారు. "త్రివేణీ, నువ్వే చెయ్యరాదె? ఊరోళ్లకు చేస్తలేవా? మనింట్ల ఎవ్వలు చూడొస్తరు?" అన్నాడు.

"నోరు ముయ్యి," అంది నర్సక్క ఫోన్‌తో. "బావను మర్దలు ముట్టుకుంటదా? నేనింక బతికే ఉన్న."

"అయితే చంద్రపూర్‌ల ఆశ్రమం ఉందట. నెల దినాలు ఆడ పెడుదం."

"నా కొడుకును దిక్కులేనోని లెక్క పారేస్తవా?"

రాకేష్ అన్న మాట తప్పు కాదని త్రివేణి బుద్ధికి తెలుసు. కానీ ఆ గది గడప మీద కాలు పెట్టడం తలుచుకోవడానికే మనసు ఒప్పలేదు. పదకొండేళ్ల అలవాటు ఒక్క ఫోన్‌తో పోదు. తల్లీ చిన్నకొడుకూ గంటసేపు వాదులాడుకున్నారు. పరదాకు అవతల, ఆరడుగుల దూరంలో, ఎవరి గురించి వాదిస్తున్నారో ఆ మనిషి అంతా వింటూ పడుకుని ఉన్నాడు. ఒక్కరూ ఆయన వైపు తిరగలేదు.

మంగళవారం మధ్యాహ్నం సిరొంచ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే భీము కనబడ్డాడు. అల్లపల్లిలో తనతో పాటు పని నేర్చుకున్న గోండు పిల్లగాడు. వాళ్ల బ్యాచ్‌లో మగవాడు అతనొక్కడే. సొంతూరు కమలాపూర్, వాళ్ల నాన్న అక్కడి ఏనుగుల క్యాంపులో పనిచేసేవాడు. భీము ఇల్లుటం వచ్చి, ఇప్పుడు త్రివేణి వాళ్ల ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, అడవిని ఆనుకుని ఉన్న గూడెంలో అత్తగారింట్లో ఉంటున్నాడు.

"ఏంది తమ్మీ, గంత పరేషాన్‌గ ఉన్నవ్?" అని అడిగింది త్రివేణి, తన పరేషాన్ పక్కన పెట్టి.

"ఏం చెప్పాలె అక్కా. మా ఆమెకు ఆరో నెల. బరువెత్తొద్దన్నడు డాక్టర్. మా అత్త జంగుబాయికి ఎడమపక్క పడిపాయె కదా, ఇన్నొద్దులు బిడ్డే చూసుకున్నది. ఇప్పుడెట్ల? నేను అల్లున్ని. మా గోండోళ్లల్ల అల్లుడు అత్త ముందటికే పోవద్దు, ఇగ తానం ఏడ పోస్తడు? ఊళ్లున్న ముసలోళ్లందరికి పోస్తున్న. ఇంట్ల ఉన్నామెకు పొయ్యలేకపోతున్న."

త్రివేణి చాయ్ గ్లాసు కింద పెట్టింది. ముందు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. భీము మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నవ్వకు అక్కా."

"నిన్ను చూసి కాదు తమ్మీ, నన్ను చూసుకుని," అని తన కథంతా చెప్పింది. రోడ్డు మీద నుంచి నాట్లకు పోయే ఆడవాళ్ల ఆటో ఒకటి కేకలతో పోయింది. బోర్ల కింద యాసంగి నాట్లు పడుతున్న రోజులు. ఇవాళ మా మడికి మీ ఇంటి మనుషులొస్తే, రేపు మీ మడికి మా ఇంటి మనుషులు పోవాలి. కూలి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. బదులు పోవడం అంటారు దాన్ని. ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే.

"భీమూ," అంది త్రివేణి, ఆటో మలుపు తిరిగిందాకా చూసి. "మనం బదులు పోదామా?"

భీముకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక గ్లాసు ఖాళీ చేయకుండానే లేచాడు.

"పొద్దుగాల ఆరింటికి నేను మీ ఇంటికి, నువ్వు మా ఇంటికి. తొమ్మిదింటికల్ల ఎవ్వల పని మీద వాళ్లం. అక్కా, గింత అలకటి ముచ్చట గిన్నొద్దులు ఎందుకు తోచలే మనకు?"

తోచకపోవడానికి కారణం ఉంది. నాట్లకు మనుషులు కావాలని పది గడపలు తొక్కి అడుగుతారు. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే ఆ ముచ్చట గడప దాటనివ్వరు. సిగ్గు అనుకుంటారు దాన్ని. అదేం సిగ్గో మరి.

ఆ సాయంత్రం అత్తకు చెప్పింది. నర్సక్క చేట పక్కన పడేసింది.

"ఎవడో పరాయోడు వచ్చి నా కొడుకు గుడ్డలిప్పుతడా? నా కొడుకు ఒప్పుకోడు."

"ఒప్పుకోనని అన్నడా అత్తా?"

"అనాల్నా? నా కొడుకు ముచ్చట నాకు తెల్వదా?"

త్రివేణి అక్కడ ఆగిపోయింది. సింధూజను రోజూ అడుగుతుంది, తల మీద నీళ్లు పొయ్యనా అని. గుమాస్తాగారి భార్యను అడుగుతుంది, ఏ చీర కడదామని. ఈ ఇంట్లో నాలుగేళ్లుగా ఒకాయన ఉన్నాడు. ఆయనను ఏ పూటా ఎవరూ ఏమీ అడగలేదు. అత్తకు అడగాలని తోచలేదు. తనకు తోచినా, మేక ద్వారా అన్నం, ఉప్పు సంగతులే తప్ప ఇంకేమీ పంపలేదు. శీతల్ మేడం ఈ ఇంట్లో పరీక్ష పెడితే త్రివేణి మొదటి ప్రశ్నలోనే తప్పేది.

లేచి వెళ్లి గడప ఇవతల నిలబడింది. కొంగు సవరించుకుంది. మేక వైపు తిరిగింది.

"మేకా, ఒక ముచ్చట అడగాలె. అత్త కండ్ల ఆపరేషన్‌కు పోతే నెల దినాలు వంగొద్దు. నాతోటి పని నేర్చిన భీము అని ఒకాయన ఉన్నడు. రోజు పొద్దుగాల వచ్చి తానం పోస్తడు, గుడ్డలు మారుస్తడు, పొద్దుమీకి ఇంకోసారి వస్తడు. నడుమ జరుపుడు, గుడ్డ అందిచ్చుడు పక్కింటి అజయ్‌కుమార్ వచ్చి చూస్తనన్నడు. గని అది ఆయన ఒళ్లు. ఆయన సరే అంటెనే. ఒద్దంటె ఇంకో తొవ్వ చూస్తం."

లోపలి నుంచి ఏ మాటా రాలేదు. మేక నెమరు వేస్తోంది. నర్సక్క వెనక నుంచి, "చూసినవా, నేనన్లే?" అంది.

"మేకా," అన్నాడు వెంకటేశ్వర్. "నాలుగేండ్లాయె. ఈ ఇంట్ల నన్ను ఎవ్వలన్న ఒక్క మాట అడిగిండ్రా? ఇయ్యాల్నే ఇంటున్న."

త్రివేణి పరదాకు ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

"నలభై రెండేండ్లోన్ని మేకా. కన్నతల్లితోని గుడ్డలు మార్పిచ్చుకుంటున్న. ఆమె చెయ్యి పడ్డప్పుడల్ల కండ్లు మూసుకుంట. నిద్రొచ్చిందనుకుంటది ఆమె. పరాయోడే కావాలె నాకు. పరాయోడైతె సిగ్గు తక్కువ, పని చేసి పోతడు. చెంబుల నీళ్లు ఎందుకు మిగులుతున్నయో తెల్వదా ఎవ్వలకు? తాగితె మా అమ్మ రాత్రి నాలుగుసార్లు లేవాలె. కండ్లు కానరాక గోడలు పట్టుకుంట రావాలె. అందుకే తాగుత లేను."

రోజూ సాయంత్రం ఆ ఇత్తడి చెంబును సగానికి పైగా నీళ్లతో వెనక్కి తీసుకెళ్లేది త్రివేణే. చలికాలం, దాహం వేయదేమో అనుకునేది. రెండుసార్లు మూత్రంలో మంటతో జ్వరం వస్తే మాత్రలు తెచ్చింది గానీ, చెంబు వైపు చూడలేదు. నేర్చుకున్న మూడు నెలల చదువు ఏ గంగలో కలిసిందో.

నర్సక్క గడప మీద కూలబడింది.

"నాకు చెప్పకపోతివి కొడుకా," అంది చివరికి.

"ఎట్ల చెప్పుదు అమ్మా. నువ్వు తప్ప నాకు ఎవ్వలున్నరు? నువ్వు గూడ అలిగితె?"

నర్సక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ముక్కు చీదింది. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఎవరూ అనుకోనిది.

"నాకు నడుం పోయి రెండేండ్లాయె బిడ్డా. నిన్ను తిప్పినప్పుడల్ల పానం పోయినట్టే ఉంటుండె. నేను మాత్రం ఎవ్వలకు చెప్పుదు? తల్లి గట్లంటదా అంటరని."

లోపల మంచం మీద నుంచి ఒక చిత్రమైన చప్పుడు వచ్చింది. ఏడుపేమోనని త్రివేణి భయపడింది. కాదు, నవ్వు. బావ నవ్వగా ఆమె విని నాలుగేళ్లైంది. నర్సక్క కూడా ఏడుస్తూనే నవ్వింది, కొడుకును తిట్టింది, మేకను తిట్టింది, తర్వాత లేచి గడ్చిరోలికి ఏ చీరలు సర్దుకోవాలని అడిగింది. ఇంటి పైకప్పు మీద నుంచి ఎవరో పెద్ద బండ దించినట్టు అనిపించింది త్రివేణికి. ఆ రాత్రి ముగ్గురూ కడుపునిండా తిన్నారు.

బుధవారం పొద్దున ఆరింటికి భీము బండి వచ్చి ఆగింది. నర్సక్క బస్సెక్కే ముందు ఒక రోజు తన ఎదుట చేసి చూపించాలని పట్టుబట్టింది. ఎంత ఒప్పుకున్నా తల్లి తల్లే. కనబడకపోయినా చెవులు రిక్కించుకుని అరుగు మీద కూర్చుంది.

భీము మంచం వెనక నుంచి పోలేదు. చుట్టు తిరిగి, మొహానికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రామ్ రామ్ అన్నా. నేను భీమును. ఇప్పుడు నీ భుజం మీద చెయ్యి వేస్తున్న, సరేనా?"

"గింత మర్యాద ఎవ్వలు నేర్పిండ్రు నీకు?" అన్నాడు వెంకటేశ్వర్.

"ఏనుగులు అన్నా. ఏనుగు కాడికి ఎన్కనుంచి పోవద్దంటుండె మా నాయిన. ముందటికి వచ్చి, పేరు పిలిచి, అది చూసినంక చెయ్యి వెయ్యాలె. అడగకుంట ముడితె ఇగ నువ్వు ఉండవు. మేడం క్లాసుల గదే ముచ్చట మరాఠీల చెప్పింది. నాకు కొత్తగ అనిపియ్యలే."

"అయితె నేను ఏనుగునా?"

"ఏనుగైతె గింత చిక్కిపోదు అన్నా. నువ్వు జర తినాలె."

బయట నర్సక్క మొహం మెత్తబడింది. నీళ్ల చప్పుడు, తువ్వాలు దులిపిన చప్పుడు, మధ్యమధ్య 'ఇటు తిప్పుతున్న అన్నా', 'ఊఁ తిప్పు' అన్న మాటలు. ఒక్కసారి కూడా అబ్బా అన్న మాట వినబడలేదు. "వాడు నీళ్లు మోచేత్తో చూసిండా?" అని అడిగింది కోడలిని గుసగుసగా. ఈ మాట అత్త నోట వినడానికి త్రివేణికి ఏడాది పట్టింది.

గురువారం నర్సక్క బస్సెక్కింది. తోడు వెళ్లడానికి సెలవు పెట్టి వచ్చిన రాకేష్, ఈసారి ఏమీ ఎత్తబోనని ముందే చెప్పాడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే మంచులో రెండు బండ్లు ఎదురెదురుగా పోవడం ఊరికి కొత్త వేడుక అయింది. త్రివేణి స్కూటీ గూడెం వైపు, భీము బండి ఊరి వైపు. మోరి వంతెన దగ్గర ఇద్దరూ చెయ్యెత్తి, "ఏం సంగతి?" "మంచిదే" అనుకుని సాగిపోయేవాళ్లు. బోరు దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఆమె వాళ్లింటికి, ఆయన వీళ్లింటికి. ఎవ్వలింట్ల వాళ్లు చేసుకుంటె పోదా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. "పోదు," అంది త్రివేణి బిందె పక్కన పెట్టి. "నాట్లకైతె పోతరు కదా. మడికి ఉన్నపాటి విలువ మనిషికి లేదా?" ఆ తర్వాత రెండో వారంలో వాళ్లలోనే ఒకామె, మాటల మధ్య ఏదో అన్నట్టుగా, తన మామ సంగతి ఎత్తింది. భీముకు తీరిక ఉంటుందా అని.

జంగుబాయి మొదటి రోజు త్రివేణితో తెలుగులో మాట్లాడలేదు. గోండీ తప్ప వేరే మాట్లాడనని మొండికేసింది గానీ తెలుగు అంతా అర్థమవుతుందని కళ్లే చెప్పాయి. త్రివేణి ఎదురుగా కూర్చుని, "జోహార్ అవ్వా. నెత్తి మీద పొయ్యాల్నా, ఒంటి మీదనే పొయ్యాల్నా?" అని అడిగింది. ముసలామె మంచి చెయ్యి ఎత్తి తల చూపించింది. నెత్తి మీద నీళ్లు పడి ఏడాదైందట. కూతురు భయంతో ఒళ్లు తుడిచేసి వదిలేసేదట. వేడినీళ్లు తల మీద పడగానే జంగుబాయి కళ్లు మూసుకుని ఏదో రాగం తీసింది. అది పాటో, హాయిగా తీసిన ఊపిరో త్రివేణికి తెలియలేదు. భీము పెళ్లాం గుమ్మం దగ్గర నిలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా నవ్వింది.

బస్సెక్కిన నాలుగో రోజు, ఆదివారం మధ్యాహ్నం నర్సక్క ఇంటికి వచ్చింది. ఎడమ కన్ను మీద గంత తీసేశారు, నల్లద్దాలు పెట్టారు. ఆటో దిగి నేరుగా ముందు గదిలోకి పోయింది. అలవాటు కొద్దీ దుప్పటి మీద చెయ్యి వేసి తడి ఉందేమోనని తడమబోయింది. చెయ్యి మధ్యలో ఆగింది.

"ఒంగొద్దన్నడు కదా డాక్టర్," అన్నాడు వెంకటేశ్వర్.

"ఒంగుత లేనురా." ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగేళ్లుగా ఆ గదిలోకి ఏదో ఒక పని పట్టుకునే వచ్చింది. ఇవాళ చేసేందుకు ఏమీ లేదు. దుప్పటి పొడిగా ఉంది, గది ఫినాయిల్ వాసన వేస్తోంది, కొడుకు గడ్డం గీయించుకుని ఉన్నాడు.

"ఊకెనే కూసో అమ్మా. ఒక్కసారన్న ఊకెనే కూసో."

కూర్చుంది. నల్లద్దాలు కొంచెం కిందికి జరిపి, కొడుకు మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"చెవుల కాడ ఎంటికలు ఎప్పుడు నెరిసినయిరా?"

"మొన్ననే అమ్మా," అని అబద్ధమాడాడు వెంకటేశ్వర్. నర్సక్క నమ్మలేదు. కొడుకు చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. వెంకటేశ్వర్ కళ్లు మూసుకోలేదు.

త్రివేణి ఇదంతా అరుగు మీద నుంచి చూస్తోంది. చూడకూడదని తల తిప్పుకుని, మేకకు రెండు కొమ్మలు వేసింది. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. గూడెంలో జంగుబాయికి రేపు తల దువ్వడానికి కొబ్బరినూనె తీసుకెళ్లాలి. అది మర్చిపోకూడదని మనసులో అనుకుంటుండగా లోపలి నుంచి పిలుపు వినిపించింది.

"మేకా!"

కొంగు నెత్తి మీదికి లాక్కుని గడప దగ్గరికి వచ్చింది త్రివేణి. స్టూల్ మీద ఇత్తడి చెంబు ఉంది. పొద్దున తనే నిండా నింపి పెట్టింది. ఇప్పుడు బోర్లించి ఉంది, ఒక్క చుక్క మిగల్లేదు.

"ఇంకో చెంబు నీళ్లు కావాల్నని చెప్పు," అన్నాడు వెంకటేశ్వర్. "మంచిగ సల్లగ ఉండాల్నని చెప్పు."

త్రివేణికి కళ్లు నిండాయి. చెంబు తీసుకుని, కొత్త కుండ దగ్గరికి వెళ్లి, అంచు దాకా నింపి తెచ్చి పెట్టింది.